పరీక్ష కోసం పంపిన చావు కబురు

నేను నాందేడ్‌లో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి ఇది. దెగ్లూర్ దగ్గరి మా ఊరి కోసం సొంతంగా ఒక యాప్ తయారుచేశాను. నల్లా నీళ్లొచ్చే వేళ, పెళ్లి, చావు, ఏ కబురైనా అందరి ఫోన్లకూ చేరుతుంది. ఓ సెలవు రోజు ఇంట్లో కూర్చుని, చావు కబురు సరిగ్గా వెళ్తుందో లేదో చూద్దామని, తోచిన పేరు కొట్టాను. మా తాత పేరు. నా ఒక్క ఫోన్‌కే వస్తుందనుకున్నాను. అందరికీ పోయింది.

పొరపాటని అందరికీ ఫోన్లు చేశాం. దెగ్లూర్‌లో ఉండే తాత చెల్లెలు మాత్రం ఎత్తలేదు. గంటలో ఆటో దిగి, "అన్నా, నన్ను ఇడిసి పోయినవా!" అని ఏడుస్తూ వచ్చింది. శవం మీద కప్పడానికి తెచ్చిన కొత్త ధోవతి ఆమె చేతిలో ఉంది. తాత అన్నం తింటున్నాడు. ఆమె గడప మీదే కూలబడింది.

"తాతా, ఉత్తగ టెస్టింగ్‌కు రాసిన" అన్నాను.

తాత తిట్టలేదు. "ఇంట్ల ఇంతమందిమి ఉంటే నా పేరే ఎట్ల యాదికొచ్చింది బిడ్డా?" అన్నాడు.

ఇప్పుడు ఏది పరీక్షించినా నా పేరే రాస్తాను. ఆ ధోవతిని తాత వాపసు ఇవ్వనియ్యలేదు. మడిచి తన పెట్టెలో పెట్టుకున్నాడు.