నిమ్మకాయలు తొక్కించిన సాయంత్రం

మా తమ్ముడు రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడని తెలియగానే నాకు ఒళ్ళు మండింది. పుంగ్గోల్‌లో ఒంటరిగా ఉంటాడు. ఎటు వెళ్ళినా కాసేపటికే సముద్రం అడ్డొచ్చే ఈ సింగపూర్‌లో ఆ వేగం ఎవరికి చూపిస్తాడట? మాది ఏడుగురు పట్టే పెద్ద కారు. బియ్యం బస్తాలు, పాప సైకిలు, భోజనానికొచ్చి బస్సు దొరకనివాళ్ళు, అందరూ అందులోనే. కాకపోతే బద్ధకపు బండి. టాంపినీస్‌లో మా బ్లాకు కార్‌పార్క్ ర్యాంపు ఎక్కించాలంటే మావారు పెడల్‌ని కసిగా తొక్కాలి.

పూజ చెయ్యకుండా కొత్త బండి నడపడం మా ఇంటావంటా లేదు. ఆదివారం సాయంత్రం తమ్ముడి చేత కారును మా కార్‌పార్క్ పైఅంతస్తుకు తెప్పించాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాను. వాటిని తొక్కించాల్సింది ఇంటి పెద్దగా బావే అన్నాను. తమ్ముడి మొహం మాడిపోయింది. ఆ తలుపు మీద ఎవరి వేలు పడినా చొక్కా అంచుతో తుడిచేవాడు మరి. అయినా నా మాట కాదనలేక బావను కూర్చోబెట్టాడు.

"మెల్లగా బావా, కాలు ఆనిస్తే చాలు."

"నీకు డ్రైవింగ్ నేర్పిందెవర్రా?" అన్నారు మావారు.

కొబ్బరికాయ కొట్టాను. చిప్పలు కారు ముందుకు దొర్లాయి. చెత్త చేశామని ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని ఏరడానికి వంగాను. మా బండిలో మావారు మేడ మీద ఉన్నట్టు కూర్చుంటారు. ఇందులో నేల మీద పీట వేసుకున్నట్టే. వంగిన నేను ఆయనకు కనబడలేదు. పక్కకు తప్పుకున్నాననుకుని, అలవాటు కొద్దీ కసిగా తొక్కారు.

కారు అరిచి ఎగిరింది. నా తుంటిని ఈడ్చి కొట్టి, పిట్టగోడను గుద్దుకుంది. నేను పక్కకు విసిరేసినట్టు పడ్డాను. మోచేతి చర్మం సిమెంటు మీద ఊడిపోయింది. తల ఎత్తేసరికి తమ్ముడు మావారిని కాలర్ పట్టి బయటికి లాగి బాదుతున్నాడు. కళ్ళజోడు వాడి బూటు కింద నలిగింది. పెదవి చిట్లి చొక్కా నిండా రక్తం. ఒక్క దెబ్బకైనా మావారు చెయ్యి అడ్డం పెట్టలేదు.

కుంటుకుంటూ వెళ్ళి పసుపు చేత్తోనే వాడి చెంప పగలగొట్టాను. "రేకు డబ్బా కోసం బావ మీద చెయ్యెత్తుతావా? ఇక నా గుమ్మం తొక్కకు!"

సింగపూర్‌లో నాకున్న పుట్టిల్లు వాడొక్కడే. అది తెలిసే అన్నాను.

వాడు నన్ను చూసి, దెయ్యాన్ని చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్ళీ దగ్గరికొచ్చి నా భుజాలు, తల తడిమాడు. "కారు తగలడనీ అక్కా! నువ్వు దాని కిందే ఉన్నావనుకున్నా" అని బావురుమన్నాడు. నుజ్జయిన కారు వైపు వాడు ఇంకా ఒక్కసారి కూడా చూడలేదు.

మావారు నేల మీద కూలబడి నోట్లో రక్తం ఉమ్మారు. "వాణ్ణేం అనకు. నేనూ అలాగే అనుకున్నా" అన్నారు.

తమ్ముడు ఇప్పుడు రైల్లో వస్తాడు, తిన్నాక మేమే దింపుతాం. మా బండి కదిలించే ముందు మావారు ప్రతిసారీ "ఎక్కడున్నావ్?" అని అడుగుతారు. పక్క సీట్లోనే ఉంటాను. అయినా "ఇక్కడే" అని నేను పలికేదాకా ఆయన కాలు కదలదు.