మా దొరకన్నా మంచి దొర

ఒక్క ఇంగ్లీషు వాక్యంతో ఎస్టేటు మొత్తాన్ని ముంచబోయిన ఘనుణ్ణి నేను. నవ్వండి, పరవాలేదు. ఆ రోజు నేను తప్ప అందరూ నవ్వారు.

మలయాలో సుంగై సుమున్ దగ్గర రబ్బరు తోటలో మేం కూలీలం ఉండే వరస ఇళ్లను లైన్లంటారు. ఆ లైన్ల పిల్లలకు బడి లేదు. మేనేజరు దొర సరేనంటే బడి వస్తుంది, నేను పంతుల్నవుతాను. కాదంటే మళ్లీ కత్తి పట్టి రబ్బరు చెట్లు గీసుకోవాలి. దొర లైన్లకు వచ్చే రోజున స్వాగతం గుడ్డ రాయమని మేస్త్రీ అప్పలసామి మావ నన్ను పట్టుకున్నాడు.

"మా దొరకన్నా మంచి దొర లేడని రాయరా. ఇంగిలీసులో!"

"'మోర్ గుడ్' అంటే తప్పు మావా, 'బెటర్' అనాల" అన్నాను, ఆ రహస్యం మలయా మొత్తంలో నాకొక్కడికే తెలిసినట్టు.

"నీకు తెలీందేటుంది లా! రాసీ" అన్నాడు మావ, మలయావాళ్ల 'లా' మాట చివర తగిలించి.

గుమ్మడికాయలంత అక్షరాలతో రాశాను: 'నో మేనేజర్ ఈజ్ బెటర్ దేన్ అవర్ మేనేజర్.'

దొర వచ్చాడు, చదివాడు, ఎర్రబడ్డాడు. ఆఫీసు గుమాస్తాను పిలిచి చెవిలో ఏదో అన్నాడు. గుమాస్తా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం రాశావయ్యా? 'మా మేనేజరుకన్నా అసలు మేనేజరే లేకపోవడం మేలు' అని కూడా అర్థం వస్తోంది!"

"ఓలమ్మో!" మావ నెత్తి బాదుకున్నాడు. "దొరగోర్ని ఎల్లిపొమ్మన్నావేట్రా?"

"నేదు మావా! బెటరని పొగిడినాను!"

"బెటరూ వద్దు, గిటరూ వద్దు, సెరిపీ!"

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నా ఇంగ్లీషుకు ఒక్క వాక్యం చాలింది. పిల్లలు అప్పటికే పలకలు కడిగి పెట్టుకున్నారు. వాళ్ల మొహాలు చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో దొర భుజాలు కదిలాయి. ఆ ఎరుపు కోపం కాదు, ఆపుకున్న నవ్వు! "వ్యాకరణంలో తప్పు లేదే" అన్నాడట. నా చేతిలో కుంచె లాక్కుని, నా వాక్యం కింద తనూ ఒకటి రాశాడు: 'నో టీచర్ ఈజ్ బెటర్ దేన్ దిస్ టీచర్.' రాసి, బడి వెంటనే మొదలెట్టమన్నాడు.

ఆ గుడ్డ బడి గోడమీద ఏళ్ల తరబడి వేలాడింది. దానిమీదే పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నారు. దొర ఏ అర్థంలో రాశాడో అడిగే ధైర్యం మాత్రం నాకు ఈనాటికీ రాలేదు.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు: ఇకమీదట ఇంగ్లీషులో మనిషిని మనిషితో పోల్చను. ఈ ఒట్టుకన్నా గట్టి ఒట్టు లేదు. తెలుగులోనే అంటున్నాను కనుక, దీనికి ఒక్కటే అర్థం.