అద్రోల్దో చెయ్యి

పోర్తో అలెగ్రి నగరంలో మా గుట్ట మీది వీధులకు నగరపాలిక ఏ పని ముందు చెయ్యాలో ఏటా మేమే సభలో చేతులెత్తి తేల్చుకుంటాం. పోయినేడు పై వీధి అద్రోల్దో చొక్కా చేతులు మడిచి, చేదు ఆకు కషాయం గొట్టంతో జుర్రుతూ, అదే గొట్టం మాకూ అందిస్తూ ఇంటింటికీ తిరిగాడు. "ఈసారి మాకెత్తండమ్మా, వచ్చే ఏడు మీకు మేమెత్తుతాం." అతని ఎంగిలి తాగి మరీ ఎత్తాం. వాళ్ళకి మురుగు గొట్టాలు పడ్డాయి. వాటి నోరు మా కింది సందులో తెరుచుకుంది.

ఈ ఏడు అద్రోల్దోని సభకి పిలవడానికి మా సందు జురెమా వెళ్ళింది. "రావా అన్నా? ఇవాళ మా వంతు."

"మోకాళ్ళ నొప్పులమ్మా. మీరు కానివ్వండి."

ఆరు చేతులు తక్కువై ఓడిపోయాం. మర్నాడు అతను మా సందులోంచే చకచకా బస్సుకి పోతూ, జురెమాని చూసి చెయ్యెత్తాడు. పలకరిస్తున్నాడనుకుంది. ఆ చెయ్యి ముక్కు మీదికి పోయింది. కంపు వాళ్ళ వీధిదే.