పెద్దమ్మ పట్టిన చెయ్యి

మా పెద్దమ్మ ఎవరితో మాట్లాడినా వాళ్ల మణికట్టు పట్టుకునేది. జవాబు వచ్చేదాకా వదిలేది కాదు. పెదనాన్న ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు కూలీ. ఆయనకు చక్కెర జబ్బు ముదిరి, రోజూ ఇన్సులిన్ సూది కావాలన్నాడు డాక్టరు. కడియాలు, మేకలు అమ్మినా మందు కొన్ని నెలలకే సరిపోయింది. పెద్దమ్మ మిల్లు సేటు దగ్గరికి పోయింది. నేనూ వెంట వెళ్లాను.

"పదేండ్ల సంది మీ మిల్లులనే చేసిండు. జర సాయం చెయ్యిండ్రి సేటూ," అంది.

"కూలోనికి గంత ఖరీదు మందెందుకు? ఉన్నన్నొద్దులు ఉంటడు," అంటూ ఆయన చెయ్యి విదిలించుకున్నాడు.

మిల్లులో పనిచేసే ఆడవాళ్లు తలా కొంత వేసుకుని పెదనాన్నను ఇంకో ఏడాది బతికించారు. వాళ్లకూ పని తగ్గాక సూదులు ఆగాయి. ఆయన పోయాడు.

తర్వాత ఎన్నికల్లో నిలబడ్డ సేటు, ఓటు అడుగుతూ మా వాడకొచ్చాడు. పెద్దమ్మ అందరి ముందూ ఆయన మణికట్టు పట్టుకుంది.

"గప్పుడు నాతోని ఏమన్నవో వీళ్లకు చెప్పు. చెప్పెదాక ఇడ్వ."

ఆయన గొణిగాడు.

"గట్టిగ!" అంది. ఈసారి వాడకట్టంతా విన్నది.

సేటు ఓడిపోయాడు. నేను సంబరంగా మిఠాయి పట్టుకెళితే పెద్దమ్మ ముట్టలేదు.

"ఓడితేంది? పానంతోనే ఉన్నడు గద," అంది.