తెరమీది కాలు నాదేనా?

కంప్యూటరు చూసుకుంటూ దొడ్డికాళ్లు సరిచేసే ఆపరేషన్ కర్నూలుకు కొత్తగా వచ్చిన రోజులవి. ఆలూరులో కిరాణా కొట్టు నడిపే నాకు నడుము కిందికి మత్తిచ్చి, కాలి ఎముకకు మెరిసే గుండ్లు బిగించారు. కెమెరా ఆ గుండ్లను చూస్తుంటే, నా కాలు కదిలినట్టే తెరమీది బొమ్మా కదులుతుందట. ఖాళీ కాటా సున్నా చూపుతోందో లేదో చూడనిదే సరుకు దించుకోని వాణ్ణి, ఊరికే నమ్ముతానా?

“సార్, కోసేముందు ఒకసారి నా కాలెత్తండి, సూస్తా” అన్నాను.

ఎత్తారు. బొమ్మ కదల్లేదు!

“ఆపండి సార్! ఎవరి కాలో సూసి నాది కోస్తాండారు!” అని గావుకేక పెట్టాను.

డాక్టరు తల తిప్పి చూశాడు. కెమెరాకు అడ్డంగా నర్సు నిలబడి ఉంది. “పక్కకు జరుగమ్మా” అన్నాడు. ఆమె జరగ్గానే బొమ్మలో కాలు లేచింది.

నా కాలు చక్కబడింది. కొట్లో ఎవరైనా “ఖాళీ కాటా సూపియ్యప్పా” అంటే ఇదివరకు కసిరేవాణ్ణి. ఇప్పుడు అడగకముందే కాటా కనబడేలా పక్కకు జరుగుతున్నాను.