తడవని పంచె

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్ళకు ఒక అలవాటుంది. మగ్గం కింది గుంతలో కాళ్ళు దించి కూర్చున్నాక మాటిమాటికీ లేవడం కుదరదు కాబట్టి, పని ఉన్న పూట నీళ్ళు తక్కువ తాగుతాం. గొంతు తడుపుకుంటాం, అంతే. నడుము బాగున్న రోజుల్లో అది నాకు పనివాడి అలవాటు. నడుము పోయాక అదే దొంగవిద్య అయింది.

మిద్దె మెట్ల మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ తర్వాత వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాను గానీ మూత్రం మీద అదుపు రాలేదు. వస్తోందని తెలిసేలోపే పంచె తడిసిపోయేది. పట్టుచీర మీద చుక్క పడితే చీర పోయినట్టే. అందుకని మగ్గం దగ్గరికే వెళ్ళేవాణ్ణి కాదు. ఉతికి ఉతికి నా భార్య చేతులు పగిలిపోయాయి.

ఎవరో చెబితే విని ఆమె నన్ను హిందూపురంలో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. చీలమండ దగ్గర, నడుము కింద సన్నటి సూదులు గుచ్చేది. "కొందరికి కొంచెం పట్టు వస్తుంది, కొందరికి రాదు. పెద్దాసుపత్రి మందులు మానొద్దు, నీళ్ళు బాగా తాగండి" అని మొదటి రోజే తేల్చి చెప్పింది. నా భార్య చెవికి మొదటి ముక్కే ఎక్కింది. ప్రతిసారీ తిరుగు రైల్లో "ఏమన్నా తెలుస్తాండాదా?" అని నా మొహంలోకి చూసేది. ఆ చూపు తట్టుకోలేక ఒకరోజు పొద్దున్నుంచి నీళ్ళు మానేశాను. పంచె తడవలేదు.

ఆమె సంబరం చూడాలి! వీధిలో ఇంటింటికీ పోయి చెప్పొచ్చింది. నేను వెర్రినవ్వు నవ్వుతూ కూర్చున్నాను. నోరు పిడచగట్టుకుపోయేది, మూత్రం మండేది. ఆమె ఇచ్చిన నీళ్ళు అటు తిరగగానే కిటికీలోంచి పారబోసేవాణ్ణి. అన్నం పెట్టే మనిషిని రోజూ మోసం చేస్తున్నానని తెలుసు. తెలిసే చేశాను.

ఒకసారి హిందూపురం పోతుంటే పెనుకొండలో ఒక రైతు కర్ర సాయంతో ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. చింతచెట్టు మీద నుంచి పడి ఆయనకూ నడుమే పోయింది. డాక్టరమ్మ దగ్గరే పరిచయం. మూత్రానికి పైపు వేసి ఉంది, సంచి పంచె కింద కాలికి కట్టుకుని తిరిగేవాడు.

నా భార్య ఊరుకుంటుందా? "అన్నా, ఈయనకు పంచె తడిసి ఎన్నాళ్ళాయనో! సూదులు పనిచేసినాయి" అంది.

"నిజమేనా అప్పా?" అని ఆయన నన్నడిగాడు. తల ఊపాను.

"అట్లయితే నేనూ ఈ పైపు పీకిచ్చేస్తా. పెద్దాసుపత్రి డాక్టరు వద్దంటాండాడు గానీ, నీయట్ల మనిషి కండ్ల ముందర ఉంటే ఇంగేం గావల్ల?"

నా భార్యను మోసం చేస్తే అది మా ఇంటి గొడవ. ఈయన నన్ను నమ్మి పైపు తీయించుకుంటే మూత్రం లోపలే నిలిచిపోయి ప్రాణం మీదికొస్తుంది. అలాంటివాళ్ళను ఆసుపత్రిలో కళ్ళారా చూశాను. అయినా హిందూపురం దగ్గరికొచ్చేదాకా నోరు పెగల్లేదు. సిగ్గు అంత చెడ్డది.

"తీయొద్దబ్బా" అన్నాను చివరికి. "నేను నీళ్ళు తాగడంల్యా. దానికే పంచె తడవడంల్యా. సూదుల వల్ల కాదు."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. "ఎలా ఉంది?" అని డాక్టరమ్మ అడిగితే ఎప్పుడూ ముందు నా భార్యే జవాబిచ్చేది. ఆ రోజు నేనే నిజం చెప్పుకున్నాను. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు రైల్లో ముగ్గురం మళ్ళీ ఒకేచోట పడ్డాం. రైలు కదలగానే ఆమె నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

"తాగు."

"ఈడనా? తడిస్తే?"

"తడిస్తే ఉతుకుతా. నీళ్ళు తాగక నువ్వు పోతే నేనేం జేసుకునేది?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సీసా మొత్తం తాగాను. పెనుకొండ రాకముందే పంచె తడిసిపోయింది. ఎవరూ చూడకూడదని కాళ్ళు దగ్గరికి లాక్కున్నాను. రైతు చూశాడు. దారంతా నాతో మాట్లాడని మనిషి, భుజం మీది తువ్వాలు తీసి నా ఒళ్ళో వేశాడు.

"నువ్వు దిగేటప్పుడు ఇస్తాలే అబ్బా" అన్నాను తల ఎత్తకుండా.

"ఉండనీ అప్పా. ధర్మవరం దాకా పోవల్ల కదా నువ్వు" అని, పంచె కింద పైపు సంచి సర్దుకుని, కర్ర పట్టుకుని పెనుకొండలో దిగిపోయాడు.