నేను రాయని చీటీలు

ఆఫీసువాళ్లతో సిడ్నీలోని రౌస్ హిల్‌లో చైనీస్ భోజనానికి వెళ్లినప్పుడల్లా చివర్లో ఇచ్చే ఫార్చ్యూన్ కుకీ కోసం ఎదురుచూసేదాన్ని. ఆ బిస్కెట్ తినడానికి అట్టముక్కలా ఉంటుంది. నాకు కావలసింది లోపల జోస్యం రాసి పెట్టిన చీటీ. ‘పోయిందనుకున్న మేజోడు తిరిగొస్తుంది’ అని ఒకసారి వచ్చింది. ఆ వారమంతా బట్టలు మడతపెడుతూ నవ్వుకున్నాను. అలాంటివన్నీ మా ఫ్రిజ్ తలుపుకి అంటించేదాన్ని.

మా తెలుగు సంఘం గిరావీన్‌లో ఆడవాళ్లకోసం మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేస్తున్న రోజుల్లో, కమిటీ పెద్దాయన భార్య స్కోఫీల్డ్స్‌లోని మా ఇంటికొచ్చి ఆ ఫ్రిజ్ చూశారు. నేను ఆయన్ని అంకుల్ అని, ఆవిడని ఆంటీ అని అంటాను.

“ఇవి తెలుగులో ఉంటే ఎంత సరదాగా ఉంటుందే! నువ్వు రాసివ్వు. కుకీలు చేసే షాపువాళ్లు మనం ఇచ్చిన చీటీలే లోపల పెడతారట” అన్నారు.

రెండు వారాలు ఆఫీసుకి వెళ్తూ వస్తూ రైల్లో రాశాను. అరవై చీటీలు. ‘ఈరోజు మీ ఇంట్లో అంట్లు మరొకరు తోముతారు.’ ‘మీ పప్పుకి వంకపెట్టినవారే రేపు పప్పు వండుతారు.’ ‘మీ మాటకి ఎవరైనా అడ్డొస్తే మళ్లీ మొదటినుంచి చెప్పండి.’ రాస్తూ నాలో నేనే నవ్వుతుంటే ఎదుటి సీట్లో ఆవిడ తలెత్తి చూసేది. షాపుతో మాట్లాడేది అంకులే కాబట్టి అన్నీ ఆయనకి మెయిల్ చేశాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడ డాక్టరు ఆయన. “వెరీ నైస్ అమ్మా” అని జవాబొచ్చింది.

భోజనం రోజు అంకుల్ మైకులో నా పేరు చెప్పి, చీటీలు రాసింది నేనేనని చప్పట్లు కొట్టించారు. నా పక్కన పదిహేనేళ్ల మా అమ్మాయి కూర్చుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. కుకీ విరిచి చీటీ నా చేతిలో పెట్టింది.

“అమ్మా, వాట్ డజ్ మైన్ సే?”

‘అణకువగల ఆడపిల్లే ఇంటికి వెలుగు.’

అలవాటుకొద్దీ పైకి చదివేశాక తెలిసింది, అది నాది కాదని. నా కుకీ విరిచాను. ‘ఓర్పును మించిన నగ లేదు.’ పక్కావిడ చేతిలోది అడిగి తీసుకున్నాను. ‘సర్దుకుపోయే ఇల్లాలిదే గెలుపు.’

“డిడ్ యూ రైట్ దిస్?” అంది మా అమ్మాయి. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది నన్ను.

తిన్నగా అంకుల్ దగ్గరికి వెళ్లాను.

“నేను రాసినవి ఏమయ్యాయి అంకుల్?”

“అవి మరీ లైట్‌గా ఉన్నాయమ్మా. సీనియర్ లేడీస్ వస్తారు కదా, మన కల్చర్ రిఫ్లెక్ట్ అవ్వాలి. కొంచెం పాలిష్ చేశాను.”

“కొంచెమా? ఒక్క అక్షరమైనా నాది మిగిలిందా? మార్చేముందు నాకు ఫోన్ చేయాలనిపించలేదా?”

“ఇంత చిన్నదానికి హర్ట్ అయితే ఎలా? ఇట్స్ జస్ట్ ఎ కుకీ.”

ఆ ఒక్క మాట అనకపోతే వెనక్కి వెళ్లి కూర్చునేదాన్నేమో. అంత చిన్నదైతే కూర్చుని అరవై నీతులు రాసే తీరిక ఈయనకి ఎక్కడినుంచి వచ్చింది? బల్లమీది మైకు తీసుకున్నాను.

“మీ చేతుల్లో ఉన్న చీటీలు నేను రాయలేదు. నా పేరు చెప్పారు కాబట్టి చెప్తున్నాను. నేను రాసినవి ఇవి” అని ఫోన్ తెరిచి చదివాను.

అంట్ల చీటీ దగ్గర వెనక బల్లనుంచి ఒకావిడ “ఆ కుకీ మా ఇంటికి పంపండమ్మా!” అని అరిచింది. ఇక నవ్వులు ఆగలేదు. నేను మాత్రం నవ్వలేదు. నవ్వించడానికి రాసిన మాటల్ని పళ్లు బిగపట్టి చదవాల్సి వచ్చింది. ఆయనమీద నాకు అన్నిటికన్నా మండింది దానికే. ఇరవై దాకా చదివేసరికి ఎవరో మైకు కట్టేశారు.

కార్ పార్కులో ఆంటీ పరుగున వచ్చారు. “నాకు నిజంగా తెలీదే. సారీ.”

“మీరు చెప్పకండి ఆంటీ. ఆయన్ని చెప్పమనండి.”

ఆయన చెప్పలేదు. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం’ అని మర్నాడు వాట్సాప్ గ్రూపులో కమిటీ పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. ఎవరు నొప్పించారో అందులో లేదు.

ఆరోజు కారెక్కాక మా అమ్మాయి బెల్టు పెట్టుకోకుండా “రీడ్ మీ ద రెస్ట్” అంది. ఇంజన్ ఆపేసి మిగిలిన నలభై చదివాను. కొన్నింటికి నవ్వింది. కొన్ని అర్థంకాక మళ్లీ చదివించుకుంది.

“పెద్దాయన, పోనీలే” అన్నందుకు మా ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. సంఘంవాళ్లు మళ్లీ నన్నేమీ రాయమనలేదు. ఆంటీ ఒకసారి ఒక్కరే వచ్చారు. కాఫీ ఇచ్చాను. చాలాసేపు కూర్చున్నారు. అంకుల్ ఊసు ఇద్దరం ఎత్తలేదు.